గాలపు జాబులు

మన కొల్లేటి సీమలో గాలమన నెట్టిదో యెఱుంగని బాలుడు లేడు. వానపామును గ్రుచ్చి కాలువగట్టున కూర్చుండినవాడు చేపను బలిమిచేత పట్టడు. చేపయే వచ్చి పట్టుకొనును. చేపకు ఆకలి యుండవలెను, ఎఱ దానికి తెలిసిన ఆహారమువలె కనబడవలెను, లోపలి ఇనుపకొక్కెము కానరాకుండవలెను. వాని విద్య యంతయు నింతే. ఆంగ్లమున చేపలు పట్టుటకు ఫిషింగ్ అని పేరు. ఆ మాటయొక్క మొదటి అక్షరమును మాత్రము మార్చి, ఉచ్చారణ నట్లే యుంచి, 1990 దశకము నడుమ అమెరికాలో కొందఱు దొంగలు తమ క్రొత్త వృత్తికి ఆ పేరు పెట్టుకొనిరి. పరుల కంప్యూటరులకు నకిలీ జాబులు పంపి, వారి రహస్యపదములను వారిచేతనే చెప్పించుకొనుట ఆ వృత్తి. మేము ఈ వ్యాసమున దానిని గాలపు జాబు అని వ్యవహరింతుము. ఫిషింగ్ అనినచో మన పెద్దలలో కొందఱు చేపలచెరువుల సంగతి యనుకొని ఆశతో చదువుట కారంభించి నిరాశ పడుదురు.

పాఠశాల వార్షిక పత్రికలో ఈ ప్రస్తావన యేల యని అడుగువారుందురు. మన పాఠశాలలవంటి చోట్ల చదువు ముగించినవారు పై చదువులు చదువుకొని ఏలూరులోని బ్యాంకులలోను ఆసుపత్రులలోను, తాడేపల్లిగూడెములోని ఉల్లి వర్తకుల కొట్లలోను ధాన్యపు మిల్లులలోను, కైకలూరు, ఆకివీడు, భీమవరములలోని చేపల, రొయ్యల వ్యాపార కార్యాలయములలోను ఉద్యోగులగుచున్నారు. కొందఱు హైదరాబాదు, బెంగుళూరు పోవుచున్నారు. బల్లముందు కూర్చుండి నెలజీతము తెచ్చినవారిలో తమ కుటుంబమున తామే మొదటివారైనవారు వారిలో పెక్కుమంది. అట్టి పిల్లవాడు పనిలో చేరిన కొలది దినములకే వాని కంప్యూటరులో యజమాని పేరుతో ఒక జాబు దిగును. "నేను సమావేశమున నున్నాను, ఫోను చేయవద్దు. ఈ క్రింది ఖాతాకు నాలుగు లక్షలు తక్షణమే పంపుము. కారణము వచ్చి చెప్పెదను." ఆ పిల్లవాడు అప్పుడేమి చేయునన్నది వాని తెలివితేటలమీదకన్న, తిరిగి యడుగుటకు వానికి ఎవరైన చనువిచ్చిరా లేదా యనుదానిమీద ఎక్కువగా ఆధారపడియుండునని మా యభిప్రాయము. తక్కినదంతయు ఆ యభిప్రాయమునకు వివరణము.

మొదట ఈమెయిలుయొక్క స్వభావమును కొంచెము తెలిసికొనవలెను. దానికిని మన తపాలా కార్డునకును దగ్గఱి పోలిక కలదు. కార్డుమీద పంపువాని పేరు ఏమని వ్రాసినను తపాలావాడు అడుగడు. చేరవలసిన చిరునామా సరిగా నున్నచో తెచ్చి యిచ్చును. ఈమెయిలు రవాణాకొఱకు 1982లో ఏర్పడిన నియమములును అట్టివే. అప్పుడు దానిని వాడువారు కొలదిమంది పండితులు, పరిశోధకులు. పంపువాడు తన పేరునే అబద్ధముగా చెప్పుకొనునను శంక ఆ నియమములలో కానరాదు. తరువాతి కాలమున, జాబు నిజముగా ఆ సంస్థనుండియే బయలుదేరినదా యని పరీక్షించు పద్ధతులను దానిపై చేర్చిరి. పెద్ద సంస్థలు నేడు వానిని వాడుచున్నవి. కాని ఆ పరీక్ష చిరునామాకే. దొంగ తన సొంత చిరునామానుండియే, పేరును మాత్రము మన మేనేజరు పేరుగా పెట్టి పంపినచో ఆ పరీక్షకు తప్పు కానరాదు. ఫోను తెరమీద పేరు పెద్దగా కనబడును. చిరునామా చూడవలెనన్నచో పేరుమీద వ్రేలు మోపవలెను. ఆ పాటి శ్రమ పడువారు అరుదు.

మన ప్రాంతపు వర్తకమునకు చక్కగా తగిన ఎఱ మఱియొకటి కలదు. భీమవరమునుండి శీతలీకరించిన రొయ్యలు విదేశములకు ఓడలలో పోవును. కొల్లేటి చెరువులలోని శీలావతి, బొచ్చె చేపలు మంచుగడ్డలమధ్య కలకత్తాకును అస్సాముకును లారీలలో పోవును. ఏలూరు తివాచీలు ఎంతోకాలమునుండి సముద్రములు దాటి పోవుచున్నవి. ఇట్టి వ్యాపారములలో సరకు బయలుదేరుచోటు వేఱు, సొమ్ము బయలుదేరుచోటు వేఱు, రెంటినడుమ నున్నవి జాబులే. దొంగ ఇరువురిలో నొకరికి గాలపు జాబు వేసి, పాస్‌వర్డు దొంగిలించి, వారి ఉత్తరపు పెట్టెలో ప్రవేశించును. ప్రవేశించి ఏమియు చేయడు. వారములకొలది చదువుచుండును. ఏ సరకు ఎంత ధరకు ఏనాడు పోవుచున్నదో, ఎవరిని ఎవరు ఏమని సంబోధించుకొందురో నేర్చుకొనును. సొమ్ము రావలసిన దినమున ఒక జాబు వ్రాయును. సరకు వివరము నిజము, బిల్లు సంఖ్య నిజము, మర్యాదలు నిజము. "మా ఖాతా లెక్కల తనిఖీలో నున్నందున ఈ పర్యాయము సొమ్మును ఈ క్రొత్త ఖాతాకు పంపగోరెదము" అను నొక్క వాక్యము మాత్రము అబద్ధము. ఇట్టి జాబు వచ్చు చిరునామా సైతము నిజమైనదే.

సంస్కృతము చదివిన పెద్ద విద్యార్థులకు ఇచ్చట విశాఖదత్తుని ముద్రారాక్షసము జ్ఞప్తికి రావలెను. రాక్షసుని ఉంగరము చాణక్యుని చేత చిక్కినది. రాక్షసుని మిత్రుడైన శకటదాసుచేతనే అక్షరములు వ్రాయించి, ఆ ఉంగరముతో ముద్ర వేయించి, లేఖను మలయకేతుని కంట పడునట్లు చేసిరి. చేవ్రాలు నిజము, ముద్ర నిజము, సంగతి కల్ల. దానిని నమ్మి మలయకేతుడు తన పక్షముననున్న అయిదుగురు రాజులను చంపించెను, రాక్షసుని వెడలగొట్టెను. సొమ్ము పోగొట్టుకొనిన వర్తకుని దుఃఖము దానికంటె చిన్నదే గాని, మోసపు తీరు మాత్రము ఒక్కటే. ముద్రను పరీక్షించినంత మాత్రమున లేఖను పరీక్షించినట్లు కాదని ఆ నాటకమును పరీక్షకొఱకు కంఠస్థము చేసినవారును కార్యాలయమున మఱచుచున్నారు.

చదువురానివారే మోసపోవుదురను భ్రమ మనలో గట్టిగా నున్నది. లిథువేనియా దేశస్థుడు రిమాసౌస్కస్ అనువాడు 2013 మొదలు 2015 వఱకు గూగుల్, ఫేస్‌బుక్ సంస్థలకు నకిలీ బిల్లులు పంపి 12 కోట్ల డాలర్లకు పైగా రాబట్టెను. వాడు చేసిన పని యేమనగా, ఆ సంస్థలకు నిజముగా యంత్రసామగ్రి అమ్ముచున్న తైవాను కంపెనీ పేరుతోనే లాట్వియాలో ఒక కంపెనీని రిజిస్టరు చేయించి, ఆ పేరుమీద జాబులను బిల్లులను పంపుట. 2019లో అమెరికా న్యాయస్థానము వానికి అయిదేండ్ల శిక్ష విధించినది. ప్రపంచమునకు ఈమెయిలు పెట్టెలను సమకూర్చు గూగుల్ సంస్థయే ఈమెయిలు జాబును నమ్మి సొమ్ము చెల్లించినప్పుడు, ఆకివీడులోని గుమాస్తాను చూచి మనము నవ్వుటకు ఏమియు లేదు.

మనకు మిక్కిలి దగ్గఱి ఉదాహరణము హైదరాబాదున జరిగినది. ఏ.పి. మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు తెలుగువారికి చిరకాల పరిచయముగల సహకార బ్యాంకు. 2022 జనవరిలో దాని ఖాతాలనుండి 12 కోట్ల 48 లక్షల రూపాయలను ఎక్కడనో కూర్చున్న దొంగలు లాగికొనిరి. ఆ సొమ్ము దేశమున వివిధస్థలములలోనున్న అనేక ఖాతాలకు చీలిపోయి, అచ్చటనుండి నగదు యంత్రముల ద్వారా బయటికి పోయినది. పోలీసులు కొంత సొమ్మును మాత్రము ఆపగలిగిరి. తలుపు ఎట్లు తెఱచుకొన్నదని విచారింపగా, అంతకు రెండు నెలలకు ముందే, 2021 నవంబరులో, బ్యాంకు ఉద్యోగులకు 200 పైచిలుకు గాలపు జాబులు వచ్చినవనియు, కొలదిమంది వానిని తెఱచిరనియు బయల్పడినది. హైదరాబాదు పోలీసు కమిషనరు సి.వి. ఆనంద్ గారు 2022 మార్చిలో ఆ వివరములను పత్రికలవారికి చెప్పిరి. ఆ జాబు తెఱచినంతనే, దూరమునుండి కంప్యూటరును నడిపించుటకు వీలిచ్చు ఒక దొంగ సాధనము లోపల చేరినది. తరువాత అధికారముగలవారి పాస్‌వర్డులను దొంగలు తెలిసికొనిరి. బ్యాంకువారి రక్షణ యేర్పాట్లు చాలకుండెనని పోలీసులు నిష్ఠురముగనే పలికిరి. 2023లో రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుపై 65 లక్షల రూపాయల జరిమానా విధించినది.

ఇందు మమ్ము ఎక్కువగా ఆలోచింపజేయునది సొమ్ము మొత్తము గాదు. నవంబరుకును జనవరికిని నడుమనున్న కాలము. గాలపు జాబునకు చిక్కిన నిమిషముననే సొమ్ము పోదు. తెఱచిన తరువాతను వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు మిగిలియుండును. "ఈ ఉదయము నాకొక వింత జాబు వచ్చినది, నేను దానిని తెఱచితిని, ఏమియు కనబడలేదు" అని ఒక గుమాస్తా తన పై యధికారితో చెప్పుటకు ఆ కాలము చాలును. అట్లు చెప్పినవానికి మన కార్యాలయములలో ఎట్టి సమాధానము దొరకునో చదువరులే యూహింపగలరు.

ఇక గుర్తించు విధమును గూర్చి. నిన్నటివఱకు అందఱు చెప్పిన సలహా, అక్షరదోషములను చూడుమని. దానివలన మేలు జరిగిన మాట నిజమే. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ బ్యాంకు సొమ్మును దొంగలు న్యూయార్కునుండి తరలించినప్పుడు, శ్రీలంకకు పోవలసిన 2 కోట్ల డాలర్ల ఉత్తరువులో ఫౌండేషన్ అను మాటను ఫాండేషన్ అని తప్పు వ్రాసిరి. నడుమనున్న ఒక బ్యాంకు ఆ తప్పును పట్టి ప్రశ్నించుటచేత ఆ సొమ్ము నిలిచినది. ఫిలిప్పీన్సుకు పోయిన 8 కోట్ల 10 లక్షల డాలర్లలో తప్పు లేదు గనుక పోయినది. ఆ దొంగతనమునకును మూలము 2015 ఆరంభమున ఉద్యోగార్థి పేరుతో వచ్చిన ఒక దరఖాస్తు జాబే. మా ఆంగ్ల, తెలుగు ఉపాధ్యాయులు ఈ కథను వర్ణక్రమము నేర్పునప్పుడు నిస్సంశయముగా వాడుకొనవచ్చును. అయినను నేటి దొంగ తాను వ్రాయుట లేదు. కృత్రిమ మేధ యను యంత్రముచేత వ్రాయించుచున్నాడు. అది ఆంగ్లమున గాని తెలుగున గాని మనలో ననేకులకంటె తప్పులు లేకుండ వ్రాయును. కావున శుద్ధమైన భాష సత్యమునకు గుర్తు గాదు. మా మట్టుకు మేము, మేనేజరు ఎన్నడును లేనిది ఒక్కసారిగా నిర్దుష్టమైన భాష వ్రాసినచో దానినే అనుమానించుమని చెప్పుదుము.

చిరునామా చదువుట ఎట్లో మాత్రము పిల్లలకు నేర్పదగినది. దానిని చివరనుండి వెనుకకు చదువవలెను. భారత ప్రభుత్వ శాఖల చిరునామాలు జి.ఓ.వి., చుక్క, ఐ.ఎన్. అను అక్షరములతో ముగియును. బ్యాంకులకు ప్రత్యేకముగా బ్యాంక్, చుక్క, ఇన్ అను ముగింపును రిజర్వు బ్యాంకు ఏర్పఱచి, 2025 అక్టోబరు 31లోగా ఆ ముగింపునకు మారవలెనని బ్యాంకుల నాదేశించినది. దొంగ ఈ మాటలను చిరునామా మొదటనో నడుమనో పెట్టి, చివర తన సొంత మాట తగిలించును. మొదట కనబడిన బ్యాంకు పేరును చూచి మనము తృప్తి పడుదుము. చిరునామా కొల్లేటి చాంతాడువలె ఎంత పొడవుగా నున్నను, ముడి చివరనే యుండును. మఱియొక కనుకట్టు కలదు. ఆంగ్లపు చిన్న అక్షరములలో ఆర్, ఎన్ అను రెంటిని ప్రక్కప్రక్క నుంచినచో ఎమ్ వలె కనబడును. సున్నకును ఓ అక్షరమునకును భేదము దెలియదు. చూపు మందగించిన మా వయసువారికి ఇది పెద్ద చిక్కు. పిల్లలు ఆ యక్షరములను కాగితముమీద పెద్దవిగా వ్రాసి చూచుకొందురుగాక.

అయితే చిరునామా పరీక్షకు లొంగని జాబులు కలవని పైననే చెప్పితిమి. నిజమైన పెట్టెలోనికి దొంగ చొఱబడి వ్రాసినప్పుడు కన్నులవలన ఫలము లేదు. అప్పుడు జాబుయొక్క వేషమును విడిచి, అది అడుగుచున్నదేమో చూడవలెను. సొమ్ము పంపుమనుట, ఖాతా సంఖ్య మార్చుమనుట, పాస్‌వర్డును గాని ఫోనునకు వచ్చిన అంకెలను గాని చెప్పుమనుట, తెలియని కాగితమును తెఱువుమనుట, ఈ కోరికలలో నేదైన నున్నదా? దానితోపాటు త్వరపెట్టుట, ఎవ్వరితోను చెప్పవద్దనుట కలవా? ఉన్నచో ఆ జాబు దేవేంద్రుని చిరునామానుండి వచ్చినను ఆగవలెను. ఆగి ఫోను చేయవలెను. ఆ జాబులోనున్న ఫోను నంబరునకు గాదు. జాబునకే ప్రత్యుత్తరము వ్రాసి "ఇది తమరు పంపినదేనా" యని అడుగుట మఱియు వ్యర్థము. దొంగ మిక్కిలి మర్యాదగా "అవును, నేనే" యని వ్రాయును. పాత బిల్లులలోనో, రిజిస్టరులోనో, మన చేతివ్రాతలోనో ముందునుండి యున్న నంబరునకే మాటలాడవలెను.

మనమే పిలువవలె ననుటలో పట్టుదల యేల యని అడుగుదురేమో. ఆరప్ అను ప్రసిద్ధ నిర్మాణ సంస్థయొక్క హాంకాంగు కార్యాలయమున పనిచేయు ఒక ఉద్యోగికి రహస్యముగా సొమ్ము పంపుమని జాబు వచ్చినది. అతడు దానిని అనుమానించెను. సరిగనే అనుమానించెను. తరువాత దొంగలు అతనిని ఒక వీడియో సమావేశమునకు పిలిచిరి. అందు ఆర్థికాధికారియు, తోటి ఉద్యోగులును కనబడి మాటలాడిరి. వారందఱు యంత్రము పుట్టించిన బొమ్మలు, గొంతుకలు. తన కన్నులను చెవులను నమ్మి అతడు పదునైదు పర్యాయములుగా సుమారు 2 కోట్ల 50 లక్షల డాలర్లు పంపెను. ఆ సంగతి 2024లో లోకమునకు తెలిసినది. వచ్చిన పిలుపును నమ్మక, తాను ఎఱిగిన నంబరునకు తాను పిలిచినచో ఆ బొమ్మలు అంతటితో ఆగిపోయెడివి.

ఇప్పుడు మేము అసలు చెప్పదలచినది. మన యిండ్లలోను, బడులలోను, కార్యాలయములలోను వినయమును మెచ్చుకొందుము. మేమును మెచ్చుకొనువారమే. కాని మనము వినయమని పిలుచుచున్నదానిలో సగము భయము. తరగతిలో "అయ్యా, నాకు బోధపడలేదు" అన్న బాలుని కూర్చుండుమని కసరుదుము. ఇంటిలో "ఎందుకు నాన్నా" అన్న బాలికను ఎదురు చెప్పుచున్నదని మందలింతుము. ఆ పిల్లలే పదియేండ్ల తరువాత కార్యాలయమున "ఫోను చేయవద్దు, వెంటనే పంపుము" అను జాబు చూచి చేతులు వణకగా సొమ్ము పంపుదురు. దొంగకు కంప్యూటరు విద్యకంటె ఈ భయమును గూర్చిన జ్ఞానము ఎక్కువ. జాబును యజమాని పేరుతో వ్రాయుటకు కారణమదియే. తోటి గుమాస్తా పేరుతో వ్రాసినచో పిల్లవాడు నవ్వి "ఏమిరా, ఎందుకు?" అని యడుగును. యజమానిని అడుగలేడు.

కావున నేరమును మోసపోయిన గుమాస్తా నెత్తిన వేసి, జీతమున సొమ్ము కోసికొనెదమని బెదిరించు యజమానులతో మేము ఏకీభవింపము. సమావేశమున నుండగా ఫోను చేసినందుకు లోగడ ఎన్ని పర్యాయములు కసరితిరో వారు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. సొమ్ము సంగతిలో తనకు ఫోను చేసి రూఢి చేసికొనినవానిని, ఆ జాబు నిజమైనదే యైనను, పదిమందిలో మెచ్చుకొను యజమాని కార్యాలయమునకు గాలము వేయుట కష్టము. "అట్లు ప్రతివాడును ప్రతిదానికి అడుగుచున్న పని సాగునా" యని అభ్యంతరము రావచ్చును. ప్రతిదానికి అడుగుమని మేము చెప్పుట లేదు. సొమ్ము, ఖాతా మార్పు, పాస్‌వర్డు. ఒక సామాన్య కార్యాలయమున ఇట్టి సందర్భములు దినమునకు ఎన్ని వచ్చును? తాడేపల్లిగూడెము బజారులో ఒక ఉల్లిబస్తాను రెండుమాఱులు తూచి చూచుకొను వర్తకుడు, లక్షల రూపాయల ఖాతా మారినప్పుడు రెండు నిమిషములు మాటలాడుటకు తీరిక లేదనుట వింత.

కొందఱు కంప్యూటరు శాఖవారు తమ ఉద్యోగులకే తాము నకిలీ గాలపు జాబులు పంపి, తెఱచినవారి పేర్లను పట్టికగా ప్రకటించుచున్నారు. పరీక్ష మంచిదే. పేర్లు ప్రకటించుట మాత్రము మాకు నచ్చలేదు. పరీక్షలో తప్పిన బాలుని బెంచి యెక్కించిన పాతకాలపు పద్ధతికిని దీనికిని భేదము కానము. బెంచి యెక్కినవాడు మఱునాడు నిజముగా మోసపోయినప్పుడు నోరు విప్పడు. ఎవరెవరు తెఱచిరని లెక్కించుటకంటె, ఎవరెవరు వెంటనే వచ్చి చెప్పిరని లెక్కించుట ఉచితము.

మన మిషను సంస్థలవారికి ఇందు ప్రత్యేకముగా సంబంధించిన మాటయొకటి కలదు. విదేశములలోని దాతలకు, ఇచ్చటి పాఠశాల పేరుతో "మా బ్యాంకు ఖాతా మారినది" అని ఎవరైన దొంగజాబు వ్రాయవచ్చును. దాత వృద్ధుడు, దయగలవాడు, దూరమున నున్నవాడు. ఇంతకంటె సులభమైన చేప దొంగకు దొరకదు. అదృష్టవశమున దీనికి ఒక అడ్డుకట్ట చట్టముననే యున్నది. 2020 నాటి సవరణ తరువాత, విదేశీ విరాళమును పుచ్చుకొను సంస్థ దానిని మొదట స్టేటు బ్యాంకుయొక్క న్యూఢిల్లీ ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాలోనే పుచ్చుకొనవలెను. ఈ యొక్క సంగతిని ప్రతి దాతకును ముందుగనే కాగితముమీద వ్రాసి తెలిపినచో, వేఱొక బ్యాంకు పేరుతో జాబు వచ్చిన దినమున వారే దొంగను పట్టగలరు.

ఎంత జాగ్రత్త పడినను ఎవరో ఒకరు చిక్కుదురు. చిక్కినప్పుడు నిమిషములు విలువైనవి. సొమ్ము పోయినచో 1930 అను నంబరునకు ఫోను చేయవలెను. ఇది కేంద్ర గృహమంత్రిత్వ శాఖ ఏర్పాటు. సొమ్ము ఏ ఖాతాకు పోయినదో తెలిసికొని, అది చేతులు మారకమునుపే నిలుపుటకు బ్యాంకులును పోలీసులును దీనిద్వారా ప్రయత్నింతురు. ఆలస్యమైనకొలది ఆ సొమ్ము పాయలు పాయలుగా చీలి, ఉప్పుటేటిగుండ సముద్రమున కలిసిన కొల్లేటి నీరగును. తన బ్యాంకునకు కూడ వెంటనే తెలుపవలెను, పాస్‌వర్డు మార్చవలెను, కంప్యూటరును వలనుండి విడదీయవలెను. సంస్థలకు మఱియొక బాధ్యత కలదు. ఇట్టి సంఘటనలను తెలిసిన ఆఱు గంటలలోపల సెర్ట్-ఇన్ అను ప్రభుత్వ సంస్థకు తెలుపవలెనని 2022 ఏప్రిలులో ఉత్తరువు వెలువడినది. గుమాస్తా భయపడి మూడు దినములు దాచిన కార్యాలయము ఆ ఉత్తరువును ఎట్లు పాలింపగలదు? కంప్యూటరుద్వారా పరుని వేషము వేసి మోసగించినవానికి సమాచార సాంకేతిక చట్టము 66-డి సెక్షను క్రింద మూడేండ్లవఱకు ఖైదును, లక్ష రూపాయలవఱకు జరిమానాయు కలవు. కాని దొంగ తఱచుగా మన చట్టము చేతికి అందని దేశమున నుండును గనుక, శిక్షమీదకంటె సొమ్మును ఆపుటమీదనే దృష్టి పెట్టుట మేలు.

ఇంటికి పోయినపుడు విద్యార్థులు చేయదగిన పనియొకటి కలదు. తండ్రికి చేపలచెరువు లెక్కలు గాని, తల్లికి స్వయంసహాయక సంఘపు ఖాతా గాని, అన్నకు ఆఫీసు పని గాని యున్నచో, వారితో కూర్చుండి ఒక కాగితముమీద బ్యాంకు శాఖయొక్క నంబరును, సరకు కొనువాని నంబరును, పై యధికారి నంబరును, చివర 1930ని పెద్ద అక్షరములతో వ్రాయవలెను. నంబరులను వచ్చిన జాబులనుండి ఎత్తి వ్రాయరాదు. పాసుపుస్తకమునుండియు పాత రసీదులనుండియు చూచి వ్రాయవలెను. కాగితమును కంప్యూటరులో దాచినచో, కంప్యూటరు దొంగచేత చిక్కిన దినమున అదియు వానిచేతనే యుండును. క్యాలెండరు ప్రక్కన గోడకు అంటించిన చాలును.